పాలపంటి వేరు ఎక్కడ ముగుస్తుంది?

మా క్లినిక్‌లో పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న ఒక జూనియర్ మొన్న రాత్రి వాట్సాప్‌లో అడిగింది. "మేడం, రేపు ఐదేళ్ల బాబుకు 85 మీద పల్పెక్టమీ ఉంది. పాలపళ్ల సగటు పొడవుల పట్టిక మీ దగ్గర ఉంటే పంపుతారా?"

85 అంటే కింది దవడలో కుడివైపు ఉండే రెండో పాలదవడపన్ను. పల్పెక్టమీ అంటే ఆ పంటి వేర్ల కాలువల్లో చెడిన గుజ్జును తీసి, శుభ్రం చేసి, నింపడం. కాలువ ఎంత లోతో తెలియకపోతే ఆ పని కుదరదు. పట్టికకేమీ కొదవ లేదు. దంతాల నిర్మాణం మీద ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఉంటుంది. ఆ పన్ను నమిలే అంచు నుంచి వేరు కొస దాకా సుమారు 19 మిల్లీమీటర్లు, పై దవడలో మొదటి పాలదవడపన్ను అయితే సుమారు 15. ఈ అంకెలు అబద్ధాలు కావు. కాకపోతే నిండుగా ఎదిగి, పైన పుచ్చకుండా, కింద కరగకుండా ఉన్న పంటికి చెందినవి. అలాంటి పన్నున్న పిల్లలు నా దగ్గరికి ఎందుకు వస్తారు? వచ్చేవాళ్లకు పైన గోడలు విరిగిపోయి ఉంటాయి, కింద వేరు కరుగుతూ ఉంటుంది. పై చివరా నిలవని, కింది చివరా నిలవని దానికి సగటు పొడవుతో ఏం చేసుకోవాలి?

పెద్దవాళ్లకు రూట్ కెనాల్ చేసే డాక్టర్లకు ఈ బాధ తక్కువ. వేరు కొసకు కాస్త పైన కాలువ సన్నబడే చోటు ఒకటి ఉంటుంది. కాలువను గీకి శుభ్రం చేసే సన్నని లోహపు పుల్ల, అంటే ఫైలు, అక్కడ ఆగితే చాలు. ఆ చోటు నిరుడు ఎక్కడుందో ఇప్పుడూ దాదాపు అక్కడే ఉంటుంది. పాలపంటికి ఆ భరోసా లేదు. వేరు పూర్తిగా తయారైన కొంతకాలానికే, అడుగున పెరుగుతున్న శాశ్వతదంతం దగ్గరపడుతున్న కొద్దీ, అది కరగడం మొదలవుతుంది. ఇది జబ్బు కాదు, కరగకపోతే ఊడదు. అయితే పన్నులో చీము పట్టినప్పుడు ఇన్ఫెక్షన్ కూడా తన వంతు తినేస్తుంది. ఆ కరుగుదల వయసు లెక్కకు అందదు. ఐదేళ్ల పిల్లవాడి వేరు ఎనిమిదేళ్ల వేరులా కనిపించిన సందర్భాలు నాకు కొత్త కాదు.

ఇక్కడ ఒక ప్రశ్నకు జవాబు చెప్పేసి ముందుకు వెళ్తాను, ఎందుకంటే మా ఒంగోలు క్లినిక్‌లో ప్రతి నాయనమ్మా అడిగేది ఇదే. "డాక్టరమ్మా, ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, పీకేస్తే పోదా?" కింది రెండో పాలదవడపన్ను మామూలుగా పదేళ్లు దాటాక, పన్నెండులోపు ఊడుతుంది. దాని వెనకాలే ఆరేళ్ల ప్రాంతంలో మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ముందున్న పాలపన్నే దానికి ఆనుకోవడానికి గోడ. ఐదేళ్లకే ఆ గోడ తీసేస్తే వెనకది ముందుకు జరిగి కూర్చుంటుంది, తర్వాత రావలసిన పంటికి చోటుండదు. వంకరపళ్లకు తీగలు కట్టే ఖర్చు అప్పుడు మొదలవుతుంది. నాయనమ్మలు ఈ మాట చెబితే వింటారు. వినిపించుకోని వాళ్లు ఎక్కువగా ఫోను చూస్తూ కూర్చునే నాన్నలు.

ఇక కొలత సంగతి. నా ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) థీసిస్ ఈ విషయం మీదే. పీకేసిన పాలపళ్లను ఉప్పునీటిలో భద్రపరిచి, వాటిని ఒక్కొక్కటిగా మూడు రకాలుగా కొలిచేవాళ్లం. ఒకటి ఎక్స్‌రే, రెండోది వేరు కొసను విద్యుత్తుతో కనిపెట్టే మిషన్ అపెక్స్ లొకేటర్, మూడోది అసలు కొలత. అసలు కొలతంటే సన్నని ఫైలును కాలువలోకి దింపుతూ, వేరు చివర రంధ్రంలో దాని మొన తొంగిచూసే దాకా భూతద్దంలో చూడటం. మొన కనబడగానే ఫైలు మీద జరిగే చిన్న రబ్బరు బిళ్లను, అంటే స్టాపర్‌ను, పంటి అంచుకు ఆనించి, ఫైలు బయటికి తీసి స్కేలు మీద పెట్టాలి. అపెక్స్ లొకేటర్‌కు విద్యుత్తు పారాలి కనుక పన్నును ఆల్జినేట్ (పళ్ల అచ్చు తీసే తడి పదార్థం) నింపిన చిన్న డబ్బాలో గుచ్చి, పెదవికి తగిలించాల్సిన కొక్కేన్ని ఆ ఆల్జినేట్‌లోనే దిగేసేవాళ్లం. ఆల్జినేట్ ఎండిపోతే అంకెలు మారిపోతాయి, అందుకని ఫ్యాను ఆపేసి చెమటలు కక్కుతూ కొలిచేవాళ్లం. ఏ పత్రికలోనూ రాయని పరిశోధన పద్ధతి అది.

ఆ పళ్లను చేతిలో తిప్పి చూస్తేనే విషయం అర్థమైంది. కరిగిన వేరు కొస అడ్డంగా, సమంగా తెగి ఉండదు. వెదురు కలానికి మొన చెక్కినట్లు ఏటవాలుగా ఉంటుంది. రెండు వేర్ల మధ్యన శాశ్వతదంతం ఉంటుంది కనుక లోపలి వైపు ముందు కరుగుతుంది, బయటి వైపు మాత్రం సన్నని పలుకుగా కిందిదాకా మిగిలిపోతుంది. ఫైలు దింపితే దాని మొన వేరు కొసన బయటికి రాదు. కొసకు రెండు మూడు మిల్లీమీటర్ల పైన, పక్కనుంచి వస్తుంది. అదే పంటికి ఎక్స్‌రే తీస్తే కిందిదాకా ఉన్న ఆ పలుకు నీడ పడి వేరు నిండుగా ఉన్నట్లే కనిపిస్తుంది. ముందుపళ్ల విషయంలో ఇది మరీ మోసం. వాటి కింద శాశ్వతదంతం నాలుక వైపున, అంగిలి వైపున ఉంటుంది, కరగడం అటు నుంచే మొదలవుతుంది. ఎక్స్‌రే ముందు నుంచి వెనక్కి పడుతుంది కనుక వెనక ఎంత పోయిందో చిత్రంలో తెలిసే దారి లేదు.

ఎక్స్‌రేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. అది లేకుండా నేను ఫైలు పట్టుకోను. వేర్లు ఎన్ని, ఎంత వంకరగా ఉన్నాయి, వాటి మధ్య ఎముక కరిగిందా, అడుగున పన్ను ఎంత దూరంలో ఉంది అన్నవి ఇంకెవరూ చెప్పరు. పాలదవడపళ్లలో చీము ముందు వేర్ల మధ్యనే కనిపిస్తుంది, ఎందుకంటే పంటి గుజ్జు గది అడుగు పలచగా ఉంటుంది, దానిలో సన్నని పక్కకాలువలు ఉంటాయి. అయితే పిల్లల నోట్లో ఎక్స్‌రే తీయడం ఒక తతంగం. సెన్సర్ పెద్దది, నాలుక కింద లోతు తక్కువ. అది కాస్త ఒరిగిందంటే వేరు సాగి కనిపిస్తుంది, లేదా కుదించుకుపోతుంది. పిల్లకు వాంతి వచ్చినట్లనిపిస్తే మళ్లీ మొదలు. సరిగ్గా వచ్చిన చిత్రంలో కూడా శాశ్వతదంతపు మొగ్గ వేరు మీద పడి కొస ఎక్కడో తేల్చుకోనివ్వదు.

అపెక్స్ లొకేటర్ ఈ చిక్కును మరో దారిలో పట్టుకుంటుంది. దీని వెనక ఆలోచన చాలా పాతది. వేరు కొసను విద్యుత్తుతో కనిపెట్టవచ్చని 1918లోనే కస్టర్ రాశాడు. 1942లో జపాన్‌లో సుజుకి కుక్కల పళ్ల మీద ప్రయోగాలు చేస్తూ, వేరు చుట్టూ ఉండే పొరకూ నోటి లోపలి పొరకూ మధ్య విద్యుత్ నిరోధం ఎక్కడ కొలిచినా ఇంచుమించు ఒకటే వస్తోందని గమనించాడు. ఆ స్థిరత్వాన్ని ఆధారం చేసుకుని 1962లో సునాడా మనుషుల పళ్లు కొలిచే పద్ధతి తయారుచేశాడు. ఆయన పెట్టుకున్న అంకె 6.5 కిలో ఓమ్‌లు. ఆ తొలి మిషన్లు కాలువలో తడి ఉంటే గందరగోళపడేవి. 1990లలో జపాన్ నుంచే రెండు ఫ్రీక్వెన్సీలతో కొలిచి వాటి నిష్పత్తి చూసే రకం వచ్చింది, ఇవాళ మన క్లినిక్‌లలో ఉన్నవాటిలో చాలావరకు ఆ దారివే.

పంటి గోడలో విద్యుత్తు సులువుగా పారదు. ఫైలు మొన గోడ దాటి చుట్టూ ఉన్న తడి కణజాలాన్ని తాకగానే మిషన్ గుర్తుపడుతుంది. అది వేరు కొసన తాకిందా, పక్కన తెరుచుకున్న రంధ్రంలో తాకిందా అన్నది దానికి అనవసరం. పాలపంటికి మనకు కావలసింది సరిగ్గా ఇదే. చిత్రంలో వేరు ఎక్కడిదాకా కనిపిస్తోందో కాదు, నిజంగా ఎక్కడ తెరుచుకుందో. పొరపాటున పంటి గది అడుగున రంధ్రం పడితే కూడా అదే మిషన్ వెంటనే కూత పెడుతుంది.

ఈమధ్య చీమకుర్తి నుంచి ఒక ఆరేళ్ల పాప వచ్చింది. తండ్రి గ్రానైట్ క్వారీలో పనిచేస్తాడు. ఎడమవైపు కింద రెండో పాలదవడపన్ను, చిగురు మీద చిన్న చీముపొక్కు. మత్తు ఇచ్చి, ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలచని రబ్బరు తెర వేసి, ముందుగా పంటి పైభాగాన్ని ఒక మిల్లీమీటరు పైచిలుకు అరగదీశాను. చివర్లో స్టీలు క్యాపు వేయాలి కనుక ఎలాగూ అరగదీయాల్సిందే. ఆ పని కొలతకు ముందే ఎందుకు చేయాలో జూనియర్లకు గుర్తుచేయాల్సి వస్తుంది. కొలిచాక అరగదీస్తే స్టాపర్ ఆనిన అంచే పోతుంది, ఇక కాగితం మీద రాసుకున్న అంకెకు అర్థం ఉండదు.

పాపకు మిషన్ చూపించాను. కొక్కేన్ని ముందు నా పెదవికి తగిలించుకున్నాను, తర్వాత తనకు. "ఇది నెమ్మదిగా కూస్తే మనం ఇంకా పైనే ఉన్నట్లు. గబగబా కూస్తే కిందికి వచ్చేసినట్లు. గబగబా కూయగానే నువ్వు వేలు పైకెత్తి నాకు చెప్పాలి తల్లీ. తల తిప్పితే మాత్రం తప్పు చెబుతుంది." ఆ పని అప్పగించాక పాప ఊపిరి బిగబట్టి కూర్చుంది. నోరు తెరిచి ఉన్న పిల్లకు ఏదో ఒక ఉద్యోగం ఇవ్వకపోతే నాలుక ఊరుకోదు.

వెనక వేరులో ఎక్స్‌రే ప్రకారం 15 మిల్లీమీటర్లు. ఒకటి తగ్గించి 14 దగ్గర స్టాపర్ పెట్టి 15 నంబరు ఫైలు (ఈ నంబరు మందానిది) దింపుతుంటే, 11.5 దగ్గరే మిషన్ గబగబా కూసింది. పాప వేలెత్తింది. స్టాపర్ పెట్టిన 14కూ దీనికీ రెండున్నర మిల్లీమీటర్ల తేడా అంటే పాలపంటిలో చిన్న సంగతి కాదు.

ఇలాంటప్పుడు మిషన్‌ను నమ్మే ముందు దాని సాకులన్నీ తీసేయాలి. పంటి గదిలో మందునీళ్లు నిండి ఉంటే కరెంటు అడ్డదారిన పోతుంది. పుచ్చిన వెనక గోడ చిగురు దాకా దిగిపోయి ఉంటే అక్కడి నుంచి ఉమ్మి లోపలికి వస్తుంది, అప్పుడూ అంతే. లోహం ఏదైనా ఫైలుకు తగిలినా, బ్యాటరీ నీరసించినా, కాలువ వెడల్పుగా ఉండి ఫైలు మరీ సన్నగా ఉన్నా కూత నిలకడగా ఉండదు. దూదితో గదిని ఒత్తి ఆరబెట్టాను. వెనక గోడకు గ్లాస్ అయానమర్ సిమెంటు పెట్టి కట్టాను. ఫైలు ఒక సైజు లావుది తీసుకున్నాను. మళ్లీ అదే 11.5.

అప్పుడు పేపర్ పాయింట్. పీల్చుకునే కాగితపు పుల్ల అది, చవకైన పరీక్ష. కాలువ ఆరబెట్టి 14 దాకా దింపి తీస్తే, చివరి రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా ఎర్రగా తడిసి వచ్చింది, పైభాగం తెల్లగానే ఉంది. 11.5 దగ్గర ఫైలు ఉంచి ఎక్స్‌రే తీస్తే చిత్రంలో మొన వేరు మధ్యలో ఆగిపోయినట్లుంది. చిత్రం ఒక్కటే చూసినవాళ్లు "ఇంకా చాలా ఉంది, దించు" అంటారు. నేను 11 దగ్గర ఆగిపోయాను.

పాలపళ్లలో ఎక్స్‌రేకూ మిషన్‌కూ పేచీ వస్తే, సాకులన్నీ తీసేశాక, పొట్టి అంకెనే తీసుకుంటాను. అర మిల్లీమీటరు పొట్టిగా ఆగితే కాలువ అడుగున కొంచెం మురికి మిగలవచ్చు. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే ఫైలు మొనా, బ్లీచు లాంటి మందునీళ్లూ, పేస్టూ ఎక్కడికి పోతాయో ఆలోచించండి. అక్కడ రేపటి పన్ను మొగ్గ ఉంది. పాలపంటి ఇన్ఫెక్షన్ తగిలిన మొగ్గ నుంచి వచ్చే పన్ను ఎనామిల్ మీద మచ్చతో, గుంటతో రావడం అందరం చూసేదే, దానికి టర్నర్ పన్ను అని పేరు. కనిగిరి వైపు నుంచి వచ్చే తల్లులు అలాంటి మచ్చను నీళ్లలోని ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తారు, ఆ ప్రాంతం అనుభవం అలాంటిది. ఫ్లోరైడ్ మచ్చ ఒక్క పంటితో ఆగదు, కుడి ఎడమలు రెండింటా జంటగా కనిపిస్తుంది. ఒకే ఒక్క పన్ను మీద గోధుమరంగు మచ్చ ఉంటే, దాని పైనున్న పాలపన్ను సంగతి అడుగుతాను.

పొడవు తప్పితే ఆ తప్పు నింపే దగ్గర కూడా బయటపడుతుంది. పెద్దవాళ్ల పంటిలో నింపే గట్టాపెర్చా కరగదు కనుక పాలపంటికి పనికిరాదు. వేరుతో పాటు కరిగేదే కావాలి. జింక్ ఆక్సైడ్ యూజినాల్ అనే పేస్టు పాతకాలపు నమ్మకస్తురాలు, కానీ వేరు కంటే నెమ్మదిగా కరుగుతుంది. బయటికి పోయిన ముక్క పన్ను ఊడాక కూడా చిగురులో మిగిలిపోతుంది, కొన్నిసార్లు కింది పన్నును పక్కదారి పట్టిస్తుంది. కాల్షియం హైడ్రాక్సైడ్, అయోడోఫామ్ కలిసిన పసుపుపచ్చ పేస్టు బయటికి పోయినా శరీరం తొందరగానే తీసేసుకుంటుంది. దాని ఇబ్బంది వేరే, ఒక్కోసారి కాలువ లోపలిది కూడా ముందే మాయమవుతుంది. అది సిరంజిలో వస్తుంది కదా, ఆ సిరంజి గొట్టానికి కూడా స్టాపర్ పెట్టి కొలుస్తాను. ఫైలును అంత జాగ్రత్తగా కొలిచి, పేస్టును మాత్రం కంటితో అంచనా వేసి నొక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్టాపర్ గురించి కూడా ఒక మాట. అది ఫైలుకు లంబంగా ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే అక్కడే మిల్లీమీటరు దాకా పోతుంది. ఏ కాలువను ఏ అంచు నుంచి కొలిచారో కార్డు మీద రాయాలి. "వెనక కాలువ 11" అని మాత్రమే రాసి వెళ్లిపోతే, వారం తర్వాత ఆ పిల్లను చూసే ఇంకో డాక్టరు ఆ 11ను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

కంపెనీ ప్రతినిధులు వస్తుంటారు. మోటారుతో తిరిగే ఫైలు చూపించి, పని నిమిషాల్లో అయిపోతుందని చెబుతారు. పాలపళ్లలో తిరిగే నికెల్ టైటానియం ఫైళ్లు వాడిన పద్ధతి 2000లో ప్రచురితమైంది. ఆ తర్వాత మన పక్కన చెన్నైలోనే పిల్లల కోసం ప్రత్యేకంగా 16 మిల్లీమీటర్ల పొట్టి ఫైళ్లు తయారయ్యాయి. మామూలు ఫైలు 21 మిల్లీమీటర్లో, 25 మిల్లీమీటర్లో ఉంటుంది, దాన్ని హ్యాండ్‌పీస్‌కు తగిలించి నాలుగేళ్ల పిల్లవాడి నోట్లో వెనకదాకా తీసుకెళ్లడం గగనం, కాబట్టి ఇది మంచి సౌకర్యమే. నేనూ వాడతాను. పొడవు తప్పుగా పెట్టుకుంటే మాత్రం, చేత్తో నిదానంగా చేసే తప్పును అది గబగబా చేసి పెడుతుంది.

ఎక్స్‌రేలు ఎన్ని తీస్తారని తల్లులు అడుగుతారు, అడగాలి కూడా. మొదట్లో ఒకటి, ఫైలు పెట్టి ఒకటి, నింపాక ఒకటి. మెడకు కవచం కడతాం, డిజిటల్ సెన్సర్‌కు పాత ఫిల్ము కంటే తక్కువ కిరణాలు చాలు. అపెక్స్ లొకేటర్ నిలకడగా చెప్పి, పిల్ల మరీ బెదిరిపోయి ఉంటే మధ్యది మానేసిన రోజులూ ఉన్నాయి.

అసలు కొలవడమే దండగ అయ్యే పళ్లు కొన్ని ఉంటాయి. వేరులో మూడింట రెండు వంతులైనా మిగలకపోతే, గది అడుగు చిల్లిపడితే, పన్ను బాగా ఊగుతుంటే ఫైలు తీయను. వేర్లు కరిగినా ఆ పన్ను ఏడాదిలోపు మాత్రమే ఉండాల్సిన అవసరం ఉంటే, కాలువలు గీకకుండా గదిలో యాంటీబయాటిక్ పేస్టు పెట్టి మూసేసే పద్ధతి ఒకటుంది. తొమ్మిది, పదేళ్ల పిల్లలకైతే చాలాసార్లు తీసేయడమే మంచిది. తీసేశాక ఆ ఖాళీ మూసుకుపోకుండా కంచె (స్పేస్ మెయింటెయినర్) కట్టాలా వద్దా అన్నది, కింది పన్ను మీద ఎముక ఎంత మందాన ఉందో చూసి చెబుతాను. ఒక మిల్లీమీటరు ఎముక దాటడానికి ఆ పంటికి నాలుగైదు నెలలు పడుతుందని స్థూలమైన లెక్క. అంటే ఎక్స్‌రే మీద మళ్లీ స్కేలు పెట్టాల్సిందే.